ఫస్ట్ క్లాస్ విమానం పది గంటలు ఆలస్యమైతే: ఆగడం మేలా, క్లాసు దిగి వెళ్లడం మేలా?

అంతర్జాతీయ విమానం ఎనిమిది, పది గంటలు ఆలస్యమవుతుందని తేలిన తరువాత ఫస్ట్ క్లాస్ ప్రయాణికుడి ముందు సాధారణంగా మూడు దారులు ఉంటాయి: అదే విమానం కోసం ఆగడం, వేరే విమానంలో బిజినెస్ క్లాసుకు దిగి ఆ రోజే బయలుదేరడం, లేదా ఎకానమీలో ఎక్కడ సీటు దొరికితే అక్కడ సర్దుకుని వెళ్లిపోవడం. టికెట్‌కు పెట్టిన డబ్బు కళ్ల ముందు మెదిలి చాలామంది మొదటి దారినే పట్టుకుంటారు. కానీ ఎక్కడ ఆగవలసి వస్తోంది, ఆలస్యం ఎందుకు వచ్చింది అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా ఈ నిర్ణయం తీసుకోవడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

ముందుగా చోటు సంగతి చూద్దాం. ఫస్ట్ క్లాస్ ధరలో కొంత వాటా నేల మీద దొరికే సేవలకూ పోతుందన్న విషయం విమానం ఆలస్యమైన రోజే బాగా తెలుస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుఫ్తాన్సా సంస్థ 2004 డిసెంబరులో ఈ తరగతి ప్రయాణికుల కోసమే విడిగా ఒక టెర్మినల్ తెరిచింది. భద్రతా తనిఖీ, పాస్‌పోర్ట్ తనిఖీ ఆ భవనంలోనే పూర్తవుతాయి. కోరినది వండి వడ్డించే భోజనశాల, తొట్టె ఉన్న స్నానపు గదులు, పడుకోవడానికి చిన్న గదులు అక్కడే ఉంటాయి. వేళ అయినప్పుడు సిబ్బంది వచ్చి పిలిచి, కారులో నేరుగా విమానం దగ్గర దింపుతారు. స్నానపు గదిలో ఇచ్చే రబ్బరు బాతుబొమ్మలను ఏళ్ల తరబడి పోగుచేసుకునేవారు కూడా ఉన్నారు. దోహాలో ఖతార్ ఎయిర్‌వేస్ వారి అల్ సఫ్వా లాంజ్, దుబాయ్ మూడో టెర్మినల్‌లోని ఎమిరేట్స్ ఫస్ట్ క్లాస్ లాంజ్‌లు కూడా ఈ కోవలోవే. ఇటువంటి చోట ఆరేడు గంటలు గడపవలసి వస్తే అది పెద్ద కష్టమేమీ కాదు కాబట్టి, సీటు వదులుకోకుండా ఆగడమే మంచిది.

అదే ప్రయాణికుడు శంషాబాద్‌లో చిక్కుకుంటే లెక్క మారిపోతుంది. అక్కడ విదేశీ విమానయాన సంస్థలకు సొంత ఫస్ట్ క్లాస్ లాంజ్‌లు లేవు. బిజినెస్ ప్రయాణికులు, క్రెడిట్ కార్డు చూపి లోపలికి వచ్చేవారు, లక్షలు పోసి టికెట్ కొన్నవారు అందరూ ఒకే వరుసలో నిలబడి ఇడ్లీ వడ్డించుకోవలసిందే. రాత్రి రెండు గంటలకు అక్కడ ఖాళీ కుర్చీ దొరికినా, నిద్ర మాత్రం దొరకదు.

మన ప్రాంతం నుంచి వెళ్లేవారికి మరో చిక్కు ఉంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లేవారి ప్రయాణం ఎక్కువగా దుబాయ్, దోహా, లండన్ వంటి చోట్ల రెండు ముక్కలవుతుంది. హైదరాబాద్–దుబాయ్ సుమారు నాలుగు గంటలు. అక్కడి నుంచి న్యూయార్క్‌కు పద్నాలుగు గంటలు, డల్లాస్‌కు ఇంచుమించు పదహారు గంటలు. మొదటి ముక్క ఆలస్యమై రెండో విమానం తప్పిపోతే, మరుసటి విమానంలో అదే తరగతి సీటు దొరకడం కష్టం. ఎమిరేట్స్ వారి పెద్ద విమానం ఏ380లో ఫస్ట్ క్లాస్ సీట్లు పద్నాలుగు మాత్రమే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి 787-9 రకం విమానంలో ఎనిమిది. బిజినెస్ క్యాబిన్‌లో డజన్ల కొద్దీ సీట్లుంటాయి కనుక ఆ ప్రయాణికుడికి ఎక్కడో ఒకచోట సర్దుబాటు చేస్తారు గాని, ఎక్కువ డబ్బు పెట్టినవాడు మాత్రం రెండు రోజులు కాచుకుని కూర్చోవలసి రావచ్చు. అందువల్ల మొదటి ముక్కలో, అవసరమైతే ఎకానమీలోనైనా సరే, ముందు విమానం పట్టుకుని, పొడవైన ముక్కలోని ఫస్ట్ క్లాస్ సీటును కాపాడుకోవడం అన్నిటికన్నా తెలివైన పని. నాలుగు గంటలు ముడుచుకుని కూర్చుంటే పదహారు గంటలు కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.

ఇక కారణం. రావలసిన విమానమే మరో నగరం నుంచి ఆలస్యంగా బయలుదేరిందంటే, అది ఆకాశంలో ఎక్కడ ఉందో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. ఎప్పుడు దిగుతుందో తెలుస్తుంది కాబట్టి ఆ ఆలస్యాన్ని నమ్మవచ్చు. సాంకేతిక లోపమని చెబితే మాత్రం నమ్మకూడదు. రెండు గంటలన్నది నాలుగవుతుంది, నాలుగు ఏడవుతుంది, ఈలోగా పైలట్ల డ్యూటీ సమయం దాటిపోయి కొత్త సిబ్బంది కోసం ఎదురుచూడవలసి వస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు వరకు విమానాల రాకపోకలపై నిషేధం ఉంది. రాత్రి పది గంటల విమానం ఒక గంటకు మించి జారితే అది మరునాటి విమానమే కావచ్చు. పైగా సంస్థ వేరే విమానాన్ని తెచ్చి పెడితే అందులో ఫస్ట్ క్లాసే ఉండకపోవచ్చు: బ్రిటిష్ ఎయిర్‌వేస్ 787-9లో ఉన్న ఆ క్యాబిన్ 787-8లో లేదు. అంటే పది గంటలు ఆగి కూడా చివరికి బిజినెస్ సీటులోనే కూర్చోవలసి రావచ్చు. కాబట్టి సాంకేతిక లోపం అన్న మాట వినబడగానే, అదే రోజు వెళ్లే మరో విమానంలో బిజినెస్ సీటు ఇస్తామంటే పుచ్చుకోవడం మేలు. ఈనాటి మంచి బిజినెస్ సీటు కూడా పూర్తిగా పరుపులా వాలుతుంది; రెంటి మధ్య తేడా ఏకాంతంలోనూ భోజనంలోనూ ఉన్నంతగా నిద్రలో లేదు. ఎమిరేట్స్ ఏ380లో ఆకాశంలో స్నానం చేసే అవకాశం ముచ్చటైనదే గాని, అందులో నీళ్లు వచ్చేది ఐదు నిమిషాలు.

విమానాశ్రయమే స్తంభించిపోయినప్పుడు ఈ పోలికలన్నీ పక్కకు పోతాయి. 2024 ఏప్రిల్ 16న దుబాయ్‌లో డెబ్బై అయిదేళ్ల రికార్డుల్లో లేనంత వర్షం కురిసినప్పుడు ఎమిరేట్స్ దాదాపు 400 విమానాలను రద్దు చేసింది. సుమారు 30,000 సామాన్లు వెనుకబడిపోయాయని ఆ సంస్థ అధ్యక్షుడు టిమ్ క్లార్క్ క్షమాపణ లేఖలోనే రాశారు. అటువంటి రోజున మరో సంస్థ విమానానికి మారేవారు పెట్టెల మీద ఆశ పెట్టుకోకూడదు. మందులు, పాస్‌పోర్ట్, ఒక జత బట్టలు చేతి సంచిలో ఉంటే చాలు. ఆవకాయ జాడీ తరువాత వస్తుంది.

డబ్బు విషయంలో మూడు దారులకూ చాలా తేడా ఉంది. ఐరోపా సమాఖ్య 261/2004 నిబంధన ప్రకారం 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో సంస్థ తనంత తానుగా క్లాసు తగ్గిస్తే ఆ టికెట్ ధరలో 75 శాతం తిరిగి ఇవ్వాలి. 1,500 నుంచి 3,500 వరకు అయితే 50 శాతం. మన దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ కూడా 2023 ఫిబ్రవరి నుంచి అంతర్జాతీయ ప్రయాణాలకు దూరాన్ని బట్టి 30, 50, 75 శాతాల పద్ధతినే అమలు చేసింది. హైదరాబాద్–దుబాయ్ దూరం 50 శాతం వరుసలోకి వస్తుంది. అయితే ఈ 75 శాతం మొత్తం టికెట్ మీద కాదు. డ్యూసెల్‌డార్ఫ్ నుంచి దుబాయ్ వరకు ఫస్ట్ నుంచి బిజినెస్‌కు దించిన ఒక ప్రయాణికుడి కేసులో ఐరోపా న్యాయస్థానం 2016లో, క్లాసు తగ్గిన ఆ ఒక్క ముక్క ధర మీదనే లెక్క కట్టాలని తేల్చింది. ఆలస్యానికి ఇచ్చే పరిహారం మరోలా ఉంటుంది: ఐరోపా నుంచి బయలుదేరే దూర ప్రయాణంలో, సంస్థ తప్పిదం వల్ల గమ్యానికి నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా చేరితే 600 యూరోలు వస్తాయి, ఎకానమీవారికీ ఫస్ట్ క్లాసువారికీ అంతే. వానకూ మంచుకూ ఆ మొత్తం రాదు గాని, భోజనం, హోటల్ మాత్రం ఇవ్వవలసిందే. అమెరికాలో 2024 అక్టోబరు నుంచి అంతర్జాతీయ విమానం ఆరు గంటలు దాటి ఆలస్యమైనప్పుడు ప్రయాణం వద్దనుకుంటే పూర్తి రీఫండ్ వస్తుంది, పరిహారం రాదు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. కౌంటర్ దగ్గర “నాకు బిజినెస్ అయినా ఫరవాలేదు” అని మనమే అన్నామంటే, అది మన ఇష్టప్రకారం జరిగిన మార్పుగా నమోదు కావచ్చు, అప్పుడు రావలసిన శాతం కోసం పోట్లాడవలసి వస్తుంది. “మీరు ఫస్ట్ క్లాస్ ఇవ్వలేకపోతున్నారు కాబట్టి దీన్ని తీసుకుంటున్నాను, క్లాసు తగ్గించినట్టు రాసి ఇవ్వండి” అని అడిగి, పాత బోర్డింగ్ పాస్‌ను దాచుకోవాలి. మైళ్లతో కొన్న టికెట్‌కు కూడా ఐరోపా నిబంధన వర్తిస్తుంది.

పెద్దవాళ్లు ప్రయాణిస్తున్నప్పుడు మాత్రం నేను పైన చెప్పినదాన్ని చాలావరకు తిరగేస్తాను. మనవణ్ణి చూడటానికి వెళ్లే అమ్మానాన్నల కోసం పిల్లలు ఫస్ట్ క్లాస్ కొన్నారంటే, వీల్‌చెయిర్ దగ్గర నుంచి గేటు వరకు వెంట మనిషి ఉంటాడన్న ధైర్యం కూడా అందులో ఒక కారణం. వాళ్లను రాత్రికి రాత్రి వేరే సంస్థ విమానానికి, కొత్త టెర్మినల్‌కు, కొత్త లేఓవర్‌కు మార్చడం కన్నా, హోటల్ గది ఇప్పించి మరునాటి అదే విమానంలో పంపడమే నయం. తిరుగు ప్రయాణంలో ఉన్నవారు, ఇంటి దగ్గర తొందర పనేదీ లేనివారు కూడా ఆగవచ్చు. వీసా ఇంటర్వ్యూ, పెళ్లి ముహూర్తం, ఆసుపత్రిలో ఉన్న మనిషి వంటి కారణాలతో బయలుదేరినవారు మాత్రం ఎకానమీ చివరి వరుసలో మధ్య సీటు దొరికినా ఎక్కేయాలి. మిగిలిన డబ్బు సంగతి దిగిన తరువాత ఉత్తరం రాసి అడగవచ్చు.