నలభై పౌండ్ల కరెంటు దుప్పటి: రెండు నెలలు కప్పుకున్నాక

ఈ దుప్పటి కొన్నందుకు నాకేం బాధ లేదు, బాధంతా దీనికి ముందు కొన్న ఫ్యాన్ హీటర్ గురించే. కాబట్టి ముందు ఆ కథ.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో. అద్దె ఇల్లు. ఇలాంటి వాటిని ఇక్కడ బ్యాక్ టు బ్యాక్ అంటారు, మన వెనక గోడే వెనక వీధి వాళ్లకీ వెనక గోడ. వందేళ్లు దాటిన ఇటుక కట్టడం. కాస్త కొత్త ఇళ్లలో అయితే రెండు వరసల ఇటుకల మధ్య సందు వదిలి అందులో ఇన్సులేషన్ నింపుతారు, ఈ పాత గోడల్లో ఆ సందే ఉండదు. వెనక వైపు పర్లేదు, అవతలి వాళ్లు హీటింగ్ వేసుకుంటే ఆ వెచ్చదనం కొంచెం మనకీ ఊరికే వస్తుంది. వీధి వైపు గోడ ముట్టుకుంటే మాత్రం ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టినట్టే. పైగా మాది వరసలో చివరిల్లు, ఒక పక్క గోడ కూడా బయటికే.

2025 నవంబర్‌లో గ్యాస్ బిల్లు చూసి గుండె గుభేల్‌మంది. ఇల్లంతా వేడి చేయడం ఎందుకు, కూర్చున్న గది చాలు కదా అని 20 పౌండ్లు పెట్టి ఫ్యాన్ హీటర్ తెచ్చాను. 2000 వాట్స్. ఐదు నిమిషాల్లో గది వెచ్చబడింది, మా ఆవిడ కూడా మెచ్చుకుంది, ఆ రాత్రికి నా అంత తెలివైనవాడు లేడు. వారం తర్వాత స్మార్ట్ మీటర్ తెర చూశాను. అరచేతిలో పట్టేంత తెర అది, వంటింట్లో కిటికీ పక్కన పెట్టుకున్నాం, కరెంటు వాడకం తక్కువైతే పచ్చ లైటు, ఎక్కువైతే ఎర్ర లైటు. హీటర్ స్విచ్ వేసిన పది సెకన్లకల్లా ఎర్రబడుతోంది. గ్యాస్ లెక్క మాత్రం అరగంటకోసారి గానీ మారదు, అందుకే గ్యాస్‌తో నీళ్లు కాచి గదుల్లోని రేడియేటర్లకి పంపే బాయిలర్ గంటలకొద్దీ నడుస్తున్నా అంత భయం వెయ్యదు.

నేను చేసిన తప్పు ఇక్కడుంది. గ్యాస్ ఖరీదు, కరెంటు చవక అని నాకు నేనే అనుకున్నాను, ఎందుకనుకున్నానో నాకే తెలీదు, బహుశా మనూళ్లో సిలిండర్ ధర పెరిగినప్పుడల్లా ఇండక్షన్ స్టవ్ బయటికి తీసే అలవాటు వల్లనేమో. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఆఫ్‌జెమ్ అని ఇక్కడి ఎనర్జీ రెగ్యులేటర్ మూడు నెలలకోసారి ధరల పరిమితి ప్రకటిస్తుంది. 2025 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆ పరిమితి ప్రకారం కరెంటు యూనిట్‌కి దాదాపు 26 పెన్నీలు, గ్యాస్ యూనిట్‌కి 6 పెన్నీల పైచిలుకు. అంటే కరెంటు నాలుగింతలు. మన రూపాయల్లో ఆ 26 పెన్నీలు 30 దాకా అవుతాయి, అక్కడేమో పది రూపాయల స్లాబులో పడితేనే ఇంట్లో గొడవ చేసేవాళ్లం. వీటికి తోడు స్టాండింగ్ ఛార్జీ, ఒక్క బల్బు కూడా వెయ్యకపోయినా ఆ మూడు నెలల్లో రోజుకి కరెంటుకి 50 పెన్నీల పైన, గ్యాస్‌కి 30 పైన ఉత్తినే పోయేవి.

ఇంకో మాట, చాలామంది పొరబడేది. ఏడాదికి 1755 పౌండ్ల క్యాప్ (అదే, ఆ పరిమితి) అని అప్పట్లో వార్తల్లో వస్తే, మా ఫ్రెండ్ ఒకడు అంతకంటే ఎక్కువ బిల్లు రాదని ధీమాగా ఇరవై నాలుగు గంటలూ హీటింగ్ వేసి కూర్చున్నాడు. ఆ సంఖ్య ఒక మామూలు ఇంటికి వేసిన అంచనా, అంతే. పరిమితి యూనిట్ రేటుకీ స్టాండింగ్ ఛార్జీకీ, మన వాడకానికి కాదు. ఎంత వాడితే అంత కట్టాల్సిందే. వాడికి ఫిబ్రవరిలో తెలిసొచ్చింది.

సరే, ఫ్యాన్ హీటర్ సాయంత్రం ఐదు గంటలు తిరిగితే పది యూనిట్లు, రెండున్నర పౌండ్ల పైన. నెలకి డెబ్బై ఎనిమిది. ఒక్క గదికి. దాన్ని తీసి మెట్ల కింద పడేసి ఈ కరెంటు దుప్పటి ఆర్డర్ పెట్టాను.

ఇక్కడ దీన్ని హీటెడ్ త్రో అంటారు. పరుపు మీద షీటు కింద పరిచేది వేరు, దాన్ని ఎలక్ట్రిక్ బ్లాంకెట్ అంటారు, ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోండి, నేను మొదటిసారి దాదాపు అదే కొనేవాణ్ని. ఇది సోఫాలో కూర్చుని పైన కప్పుకునేది. 120 వాట్స్. పైకి మామూలు మెత్తటి ఫ్లీస్ దుప్పటిలాగే ఉంటుంది, వేళ్లతో నొక్కి చూస్తే లోపల సన్నటి వైర్లు పాములా మెలికలు తిరిగి తగులుతాయి. ఒక మూల ప్లగ్ లాంటిది ఉంటుంది, దానికి కంట్రోలర్ తగిలించాలి, దాని మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. మొదటి రోజు కొంచెం ప్లాస్టిక్ వాసన వచ్చింది, రెండో రోజు నుంచి లేదు. తొమ్మిదిలో పెట్టి ఐదారు నిమిషాలు ఆగితే కాళ్లు వెచ్చబడతాయి, తర్వాత మూడో నాలుగో చాలు. తొమ్మిదిలోనే ఉంచి నిద్రపోతే చెమటలు పట్టి లేస్తారు, అనుభవం మీద చెప్తున్నాను.

ఐదు గంటలూ పూర్తి వేడి మీద ఉంచినా 0.6 యూనిట్, పదహారు పెన్నీలు. నెలంతా కలిపి ఐదు పౌండ్లు కూడా కాదు. నమ్మకం కుదరక ఒక ఆదివారం అన్నీ ఆపేసి, ఫ్రిజ్, దుప్పటి మాత్రం ఉంచి, మీటర్ తెర ముందు నిలబడి చూశాను. లైటు పచ్చగానే ఉంది. మా ఆవిడ మాత్రం వంటింట్లో చలికి నిలబడి మీటర్ చూడ్డమేంటని నవ్వింది.

ఇక లోపాలు. వైరు పొట్టిది, మా సోఫా పక్క సాకెట్ నుంచి అటు చివర కూర్చున్న వాళ్లకి అందదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు పెడితే ఎవరో ఒకరు కాలు తగిలించుకుంటున్నారు. మూడు గంటలకి దానంతట అదే ఆగిపోతుంది, సేఫ్టీకి మంచిదే గానీ సినిమా మధ్యలో చలి ఎక్కడి నుంచి వస్తోందా అని వెతుక్కుంటాం. ఫ్లీస్ కదా, ఉన్ని స్వెట్టర్ వేసుకుని కప్పుకుంటే చిటపటలు. అసలు పెద్ద కంప్లయింట్, మొదట వచ్చిన పీస్ కంట్రోలర్ పదకొండో రోజున చచ్చిపోయింది. షాపు వాళ్లు మార్చి ఇచ్చారు, కానీ అట్టపెట్టె ఏది అని నాలుగు మెయిళ్లు. పెట్టె దాచుకోండి, ఎవరి దగ్గర కొన్నా సరే.

అయితే దీని వల్ల నాకు జరిగిన నష్టం దుప్పటి తప్పు కాదు, నా అతితెలివి. ఒళ్లు వెచ్చగా ఉంది కదా అని ఇల్లు ఎంత వెచ్చగా ఉండాలో పెట్టే థర్మోస్టాట్‌ని 13 డిగ్రీలకి దించేశాను. నాలుగు వారాలు బ్రహ్మాండంగా గడిచింది, గ్యాస్ బిల్లు సగానికి సగం పడిపోయింది. తర్వాత బెడ్‌రూమ్‌లో ఏదో తడిసిన గోనెసంచి వాసన. బీరువా ముందుకి జరిపితే పక్క గోడ మీద అరచేయి వెడల్పున నల్లటి మచ్చలు, నా పెళ్లి సూట్ భుజం మీద తెల్లటి బూజు. మనం వండుతాం, స్నానాలు చేస్తాం, బట్టలు లోపలే ఆరేస్తాం, పప్పు కుక్కర్ ఒక్కటే ఎంత ఆవిరి వదులుతుందో! ఆ ఆవిరంతా వెళ్లి ఇంట్లో అన్నిటికంటే చల్లటి గోడ మీద నీరుగా కూర్చుంటుంది. దుప్పటి మనిషిని వెచ్చగా ఉంచుతుంది గానీ గోడని కాదు. సూట్ డ్రైక్లీనింగ్, గోడకి మందు, రెండు శనివారాలు. మిగిల్చిన గ్యాస్ డబ్బులు అక్కడికక్కడే సరి.

ఇప్పుడు మళ్లీ 17, 18 మధ్య పెట్టాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇంట్లో కనీసం 18 ఉండాలంటుంది. గ్యాస్ తగ్గించడానికి వేరే దారి దొరికింది, దానికి పైసా ఖర్చు లేదు. మాది కాంబీ బాయిలర్, అంటే ట్యాంకు లేకుండా కుళాయికీ రేడియేటర్లకీ అదొక్కటే నీళ్లు కాస్తుంది. దాని ముందు రెండు నాబ్‌లు ఉంటాయి, ఒకదాని మీద కుళాయి బొమ్మ, ఇంకోదాని మీద రేడియేటర్ బొమ్మ. రేడియేటర్లకి వెళ్లే నీళ్ల వేడి ఆ రెండో నాబ్‌ది, 75 డిగ్రీల్లో ఉంటే 60కి తగ్గించాను. ఇలాంటి వాటిని కండెన్సింగ్ బాయిలర్ అంటారు, రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్లు కాస్త చల్లగా ఉంటేనే పొగలో పోయే వేడిని కూడా లాక్కుంటుందట. ఇల్లు వెచ్చబడడానికి కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, అంతే తేడా. వేడినీళ్ల ట్యాంకు ఉన్న ఇళ్లలో మాత్రం అడగకుండా తిప్పకండి, ట్యాంకులో నీళ్లు బాగా వేడెక్కకపోతే బాక్టీరియా పెరుగుతుంది.

డిసెంబర్‌లో వరంగల్ నుంచి అమ్మ వచ్చింది. దుప్పటి చూడగానే, "గిదేంది బిడ్డా, దుప్పటికి వైరు పెట్టినవ్, షాక్ కొడితే?" అంది. రెండు రోజులు తను తెచ్చుకున్న గొంగడే కప్పుకుంది. మూడో రోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి దుప్పటి తన ఒళ్లో ఉంది, కంట్రోలర్ మీద ఏడు. అప్పుడు లోపలి కాగితం తీసి చదివితే, వేడి సరిగా తెలియని వాళ్లు వాడకూడదని ఉంది. అమ్మకి పదిహేనేళ్లుగా షుగర్, పాదాల్లో స్పర్శ తక్కువ. కాలినా తెలీదు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే, పసిపిల్లలుంటే ఈ ఒక్క విషయం గట్టిగా చూసుకోండి. ఇప్పుడు పడుకునే ముందు పావుగంట పక్క మీద పరిచి వేడిచేసి, ప్లగ్ పీకేశాక గానీ అమ్మని పడుకోనివ్వడం లేదు. తన గది రేడియేటర్ వాల్వ్ పెంచి, ఎవరూ లేని పై గదిది తగ్గించాం.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి కంట్రోలర్‌కి, అట్టపెట్టె మెయిళ్లకి. పాతవి, ఎవరో వాడినవి చవగ్గా వస్తున్నాయని మాత్రం కొనకండి, లోపల వైరు ఎక్కడ మడత పడి తెగిందో పైకి కనిపించదు.

మొన్న శనివారం పొద్దున్నే లేచి చూస్తే దుప్పటి సోఫాలో లేదు. వంటింట్లో ఇడ్లీ పిండి గిన్నె చుట్టూ నాలుగు మడతలు చుట్టి, ప్లగ్ పెట్టి ఉంది. మడతపెట్టి ఆన్ చేయకూడదని కాగితంలో ఉందమ్మా అంటే, "మరి పిండి పొంగొద్దా?" అంది. పిండి ఇప్పుడు ఓవెన్‌లో లైటు ఒక్కటి వేసి పెడుతున్నాం, బాగానే పులుస్తోంది.