వీఏ కాంపెన్సేషనా, సోషల్ సెక్యూరిటీనా, వీఏ పెన్షనా? ఏది మేలు?

అమెరికా మిలిటరీలో పనిచేసొచ్చినవాళ్లకి ఏఎల్ఎస్ (కండరాలు క్రమంగా పనిచేయకుండా పోయే జబ్బు), ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నుపాము నరాల పైపొర దెబ్బతినే జబ్బు), పార్కిన్సన్స్ లాంటి నరాల జబ్బొస్తే ఇంట్లోవాళ్లకి ముందొచ్చే డౌటు, ఒకదానికి అప్లై చేస్తే ఇంకోటి పోతుందేమో అని. వీఏ అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ. సర్వీసువల్ల వచ్చిన జబ్బుకి అదిచ్చే నెలసరి డబ్బు వీఏ కాంపెన్సేషన్, పని చేయలేనివాళ్లకి సోషల్ సెక్యూరిటీ ఇచ్చే డిజెబిలిటీ డబ్బు అంటే ఎస్ఎస్‌డీఐ, ఈ రెండూ కలిపి తీసుకోవచ్చు, దేన్లోంచీ కోత ఉండదు. తకరారు అంతా తక్కువ ఆదాయమున్న మాజీ సైనికులకిచ్చే వీఏ పెన్షన్‌తోనే.

ఏఎల్ఎస్ అయితే అసలు ఆలోచించే పనే లేదు, ముందు వీఏ కాంపెన్సేషన్. 2008 నుంచి రూల్ ఏంటంటే వరసగా 90 రోజులు యాక్టివ్ డ్యూటీ చేసుంటే చాలు, సర్వీసు వదిలి ముప్పై ఏళ్లయినా సరే జబ్బు సర్వీసువల్లే వచ్చిందని వీఏనే ఒప్పుకుంటుంది, పైగా 2012 నుంచి రేటింగ్ (జబ్బు ఎంత తీవ్రమో చెప్పే శాతం, డబ్బు దాన్నిబట్టే) కూడా నేరుగా 100 శాతమే. టాక్స్ లేదు, భార్యాభర్తల సంపాదన ఎంతని అడగరు. కానీ చాలామంది 100 రాగానే అయిపోయిందనుకుని ఆగిపోతారు, అక్కడే నష్టపోయేది. చేతులు పట్టు తప్పినా, కాళ్లు నడవకపోయినా, స్నానానికీ తిండికీ ఇంకొకళ్లు కావాల్సొచ్చినా దానిపైన స్పెషల్ మంత్లీ కాంపెన్సేషన్ అని ఇంకో మెట్టు ఉంది, జబ్బు ముదిరేకొద్దీ మళ్లీ అడుగుతూ ఉండాలి. వీల్‌చెయిర్ పట్టేలా ఇంటి తలుపులు వెడల్పు చేయించుకోవడానికి గ్రాంట్ వేరే ఉంది.

ఎస్ఎస్‌డీఐ లెక్క వేరు, అక్కడ సగం వికలాంగుడు అనే మాటే లేదు, పని చేయగలరా లేదా అంతే. వీఏ 100 శాతం ఇచ్చింది కదా అని సోషల్ సెక్యూరిటీవాళ్లు ఇచ్చేయరు. మామూలుగా డబ్బులకి ఐదు నెలలు, ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కి ఇంకో రెండేళ్లు ఆగాలి, ఏఎల్ఎస్‌కి మాత్రం ఈ రెండు వెయిటింగులూ లేవు. అందుకని వీఏ అప్లికేషన్ పెట్టిన వారమే ఇదీ పెట్టేయాలి.

ఎంఎస్ వాళ్లకి అంత సుళువు కాదు. సర్వీసు వదిలిన ఏడేళ్లలోపు జబ్బు బయటపడి ఉండాలి, అయితే డాక్టరు పేరు పెట్టి చెప్పింది అప్పుడే కానక్కర్లేదు, లక్షణాలు అప్పటికే ఉన్నట్టు కాగితం దొరికితే చాలు. కన్ను మసకేసిందనో, కాలు తిమ్మిరెక్కిందనో పాత క్లినిక్ ఫైల్లో రాసున్న ఒక్క లైను కేసు నిలబెట్టగలదు, కాబట్టి ఆ ఫైళ్లు తవ్వాల్సిందే. పార్కిన్సన్స్ అయితే వియత్నాంలో ఏజెంట్ ఆరెంజ్ (అడవుల ఆకులు రాలగొట్టడానికి చల్లిన విషపు మందు) తగిలినవాళ్లకీ, క్యాంప్ లెజ్యూన్ (నీళ్లు కలుషితమైన సైనిక స్థావరం) నీళ్లు తాగినవాళ్లకీ, అంటే 1953 ఆగస్టు నుంచి 1987 డిసెంబర్ మధ్య అక్కడ 30 రోజులైనా ఉన్నవాళ్లకీ, దారి సులువు. కానీ ఈ రెండు జబ్బులకీ రేటింగ్ కనీసం 30 శాతం అంతే, ఆపైన ఒక్కో లక్షణానికీ విడిగా అడిగి పెంచుకోవాలి, అది తేలేలోపు ఇల్లు గడవడానికి నా దృష్టిలో ఎస్ఎస్‌డీఐనే ఎక్కువ ఆసరా.

ఇక పెన్షన్. జబ్బుకీ సర్వీసుకీ లింకు దొరకనప్పుడు మాత్రమే దీనివైపు చూడాలి. సర్వీసు యుద్ధకాలంలో పడి ఉండాలి, ఆదాయం, ఆస్తి రెండూ తక్కువుండాలి, ఎస్ఎస్‌డీఐ డబ్బులు కూడా ఆదాయంలోకే వస్తాయి. కేర్‌గివర్ ఖర్చులు చూపించి ఆదాయం తగ్గించుకునే వీలుంది గానీ కాంపెన్సేషన్, పెన్షన్ రెండూ ఇవ్వరు, ఏది ఎక్కువైతే అదే.

కాగితాలన్నీ చేతికొచ్చేదాకా కూర్చోకుండా వీఏకి ముందు ఇంటెంట్ టు ఫైల్, అంటే క్లెయిమ్ వేయబోతున్నామన్న నోటీసు, పెట్టేయండి, ఏడాదిలోపు పూర్తి క్లెయిమ్ వేస్తే ఆ తేదీ నుంచే బకాయి లెక్కేస్తారు. మొదటి క్లెయిమ్ వేసిపెడతామని ఫీజు అడిగేవాళ్లని దగ్గరికి రానివ్వకండి, ఆ పనికి డబ్బు తీసుకోకూడదు, డీఏవీ, పీవీఏ లాంటి మాజీ సైనికుల సంస్థలు ఊరికే చేసిపెడతాయి. క్లెయిమ్ నడుస్తుండగా మనిషి పోతే భార్యో భర్తో ఏడాదిలోపు అడిగి దాన్ని తమ పేరు మీద కొనసాగించుకోవచ్చు.