ఐసీనా, ఎన్‌సీనా? గోర్ఖా కొండల్లో మా పది రోజులు

నేపాల్‌లో ఎవరైనా రేటు చెప్పగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఐసీనా, ఎన్‌సీనా? ఐసీ అంటే మన రూపాయి, ఎన్‌సీ అంటే వాళ్ల రూపాయి. మన వంద వాళ్లకి నూట అరవై. 1993 నుంచి ఇదే లెక్క. ఈ చిన్న ప్రశ్న అడగనందుకు మేము బాగానే చెల్లించుకున్నాం. మా చర్చి సంఘం కుర్రాళ్లు మళ్లీ వెళ్తామంటున్నారు కాబట్టి 2016లో జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. రేట్లన్నీ అప్పటివే.

2015 ఏప్రిల్ 25 భూకంపంలో గోర్ఖా జిల్లాలో కూలిపోయిన ఒక చిన్న ప్రార్థన మందిరాన్ని మళ్లీ కట్టడానికి గుంటూరు నుంచి పదకొండు మందిమి బయల్దేరాం. పాస్టర్ గారు, ఇద్దరు తాపీ మేస్త్రీలు, ఇద్దరు అక్కలు, డిగ్రీ చదివే కుర్రాళ్లు ఐదుగురు, నేను. ప్రయాణం, తిండి కలిపి మనిషికి 9,500 అయింది. అక్కడ మత మార్పిడిని కొత్త రాజ్యాంగమే నిషేధించిందని, కరపత్రాలు ఒక్కటి కూడా పెట్టుకోవద్దని పాస్టర్ గారు ముందే గట్టిగా చెప్పారు. పని చేసి వస్తాం, అంతే.

విజయవాడలో రాప్తిసాగర్ ఎక్కాం. దీపావళి అయిపోయింది, బీహార్ వాళ్ల పెద్ద పండుగ ఛఠ్ పూజ రాబోతోంది. కేరళ నుంచి, మద్రాసు నుంచి ఇళ్లకి పోయే కూలీలందరూ ఆ రైల్లోనే ఉన్నారు. మా స్లీపర్ బెర్తుల మీద మాకు మిగిలింది అంచు మాత్రమే. దీపావళికీ ఛఠ్‌కీ మధ్య ఆ దారిన వెళ్లాలనుకుంటే తేదీ మార్చుకోండి. గోరఖ్‌పూర్ నుంచి బస్సులో సోనౌలీ, అక్కడ నడుచుకుంటూ సరిహద్దు దాటడం. ఎవరూ ఏమీ అడగలేదు. అయినా ఓటరు కార్డు జేబులో ఉండాలి.

భైరహవా చేరేసరికి రాత్రి తొమ్మిది. లాడ్జి పేరు రాయను. కౌంటర్లో ఉన్నాయన నవ్వుతూ "రూముకి ఎనిమిది వందలు" అన్నాడు. నాలుగు రూములు, 3,200 ఎన్‌సీ, అంటే మన రెండు వేలు. చవకే అనుకున్నాం. దుప్పట్లు అంతకుముందు పడుకున్నవాళ్ల తలనూనె వాసన కొట్టాయి. వేడి నీళ్లంటే బకెట్‌కి యాభై అన్నాడు. బాత్రూం తలుపుకి గడియ లేక, అక్కలు ఒకరి తర్వాత ఒకరు కాపలా నిలబడ్డారు. అదంతా సర్దుకున్నాం. పొద్దున డబ్బు కట్టబోతే "ఐసీ, ఐసీ" అని టేబుల్ మీద వేలితో కొట్టాడు. ఎనిమిది వందలన్నది మన రూపాయల్లోనట! పాస్టర్ గారు ప్రేమగా, పెద్ద మేస్త్రీ బాబాయి కోపంగా, నేను రాని హిందీలో వాదించాం. బస్సు వెళ్లిపోతుందన్న టెన్షన్‌లో చివరికి 2,800 ఐసీ ఇచ్చి బయటపడ్డాం. ఎనిమిది వందలు ఎక్కువ గుంజాడని బాబాయి ముగ్లింగ్ దాకా గొణుగుతూనే ఉన్నాడు. నారాయణ్‌గఢ్ నుంచి ముగ్లింగ్ దాకా అప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ఆ దుమ్ముకి అందరి తలలూ ఒక్కసారే నెరిశాయి.

గోర్ఖా బజార్ నుంచి జీపులో రెండు గంటలు, ఆపైన ఇరవై నిమిషాలు కాలిబాట. మర్నాడు శనివారం. అప్పుడు నేపాల్‌లో వారం సెలవు శనివారమే, ఆరాధనా శనివారమే. ఆదివారం పనిదినం. ఆదివారం కోసం ఇస్త్రీ చేసి దాచుకున్న చీరలు అక్కలు శనివారమే కట్టుకున్నారు. కనిపించిన ప్రతి మనిషీ చేతులు జోడించి "జయ్ మసీ" (క్రీస్తుకు జయం) అన్నాడు. ఆదివారం తాపీ పట్టాల్సి వచ్చినందుకు మా పెద్ద మేస్త్రీ మాత్రం మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇక పని. ముప్పై ఏళ్లుగా ఇళ్లు కడుతున్న మా మేస్త్రీలకి అక్కడి డకర్మీ, అంటే వాళ్ల తాపీ మేస్త్రీ, పాఠం చెప్పాడు. ఊరికే రాళ్లు పేర్చి బురద మట్టి పెట్టిన గోడలు భూకంపానికి పొర విడిపోయి బయటికి పడ్డాయట. అందుకని ఇప్పుడు గోడ మందమంతా పట్టే పొడవు రాయి మధ్యమధ్యలో వేయాలి. కిటికీ కింద ఒక కాంక్రీటు బెల్టు, కిటికీ పైన లింటెల్ దగ్గర ఒకటి, పైకప్పు కింద ఒకటి పోయాలి. మా బాబాయి కట్టిన మొదటి మూలని అతను చేత్తో ఊపి చూసి, ఏమీ అనకుండా మూడు వరసలు ఊడదీశాడు. బాబాయి ముఖం చూడాలి! సాయంత్రానికి మాత్రం ఇద్దరూ ఒకే బీడీకట్ట పంచుకుంటున్నారు.

మా కుర్రాళ్ల సంగతి అడక్కండి. రోడ్డు నుంచి సిమెంటు బస్తా ఇద్దరు పట్టుకుని నాలుగు చోట్ల ఆగి తెచ్చేవాళ్లు. ఆ ఊరి ఆడవాళ్లు డోకో అనే వెదురుబుట్టలో అదే యాభై కిలోలు పెట్టి, దాని పట్టీ నుదుటికి తగిలించుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేవాళ్లు. ఒక రాత్రి బాబాయి లెక్క కట్టాడు. అక్కడ డకర్మీ రోజు కూలి వెయ్యి ఎన్‌సీ. మా పదకొండు మంది ఖర్చు 1,04,500 ఐసీ, అంటే 1,67,200 ఎన్‌సీ. "నూట అరవై ఏడు రోజుల కూలిరా అబ్బాయ్, మనం రైల్లో తగలేశాం." పాస్టర్ గారికి ఆ మాట నచ్చలేదు. నాకు మాత్రం ఇప్పటికీ అదే సరైన లెక్క అనిపిస్తుంది. వెళ్లాలంటే మేస్త్రీల్ని పంపండి, మిగతావాళ్ల టికెట్ డబ్బు సిమెంటుకి ఇవ్వండి.

తిండి మాత్రం వెళ్లిన ప్రతివాడూ తిని తీరాలి. కోదో పిండితో ఢిఁడో చేస్తారు. కోదో అంటే మన అరికెలు కాదు, రాగులే. ఆవిరి కక్కుతున్న ఆ ముద్దని చూసి మా చిన్న మేస్త్రీ (వాళ్లది అనంతపురం) "సంగటి!" అని అరిచాడు. పక్కన గుంద్రుక్ పులుసు. ఆవాకు పులియబెట్టి ఎండబెట్టింది. గోంగూర పులుపు కాదది, పాత ఊరగాయ జాడీ మూత తీసినప్పటి పులుపు. అతను మూడుసార్లు వడ్డించుకున్నాడు, ఇంటావిడ మురిసిపోయింది.

నవంబరు 8 రాత్రి ఆ ఇంటి కుర్రాడు ఫోన్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మన ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దు. మా దగ్గర రేకులకి, చివరి బెల్టుకి దాచిన 50,000, దారి ఖర్చులతో కలిపి 62,000, అన్నీ ఆ నోట్లే. మర్నాటి నుంచి నేపాల్‌లో వాటిని ఎవరూ ముట్టుకోలేదు. గోర్ఖా బజార్‌లో సిమెంటు కొట్టాయన నోటుని అటూ ఇటూ తిప్పి నా చేతిలోనే పెట్టేశాడు. సరిహద్దులో మార్చుకున్న 24,000 ఎన్‌సీ కూలీలకి, ఇసుకకి అప్పటికే అయిపోయింది. లింటెల్ బెల్టు దగ్గర పని ఆగింది. పాస్టర్ గారు అన్నం మానేసి కూర్చున్నారు.

బయల్దేరే రోజు డకర్మీ వచ్చి గుడ్డలో చుట్టిన 12,000 ఎన్‌సీ బాబాయి చేతిలో పెట్టాడు. అందులో నాలుగు వేలు మేమిచ్చిన కూలే. కాగితం రాయమని కూడా అడగలేదు. భైరహవాలో అదే లాడ్జిలో కాళ్లు కడుక్కోవచ్చా అని అడిగితే, కౌంటరాయన మమ్మల్ని గుర్తుపట్టి ముందే చెప్పాడు: "ఐసీ నహీ చలేగా." బాబాయి పడీపడీ నవ్వాడు. ఆ రాత్రి గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫాం మీద పడుకున్నాం.

మా నోట్లు గుంటూరులో బ్యాంకులో వేసుకున్నాం కాబట్టి డబ్బు పోలేదు. ఇక్కడి నుంచి నేపాల్‌కి నెఫ్ట్‌లో డబ్బు పంపే పథకం ఒకటి 2008 నుంచి ఉందని అప్పుడే తెలిసింది. అప్పట్లో ఒకసారికి 50,000 పరిమితి. రేకుల డబ్బు దాన్లోనే పంపాం. డకర్మీ అప్పు 7,500 అవుతుంది. బాబాయి 8,000 పంపించాడు. వారం తిరక్కుండా అతని ఫోన్: రేకులు ఎక్కాయి, నీలం రంగువి, కానీ ఎనిమిది వందల ఎన్‌సీ ఎక్కువొచ్చింది, తిరిగి ఎలా పంపాలి? బ్యాంకులో అడిగాం. ఆ పథకంలో డబ్బు ఇటు నుంచి అటు వెళ్తుంది గానీ అటు నుంచి ఇటు రాదట.