పొద్దున్నే వణికే ఇంజిన్, ఓబీడీ స్కానర్: నా అనుభవం

పాత పెట్రోల్ కారు పొద్దున మొదటి స్టార్ట్‌కి వణుకుతూ ఆగిపోతూ ఉంటే, పార్టులు మార్చే ముందు ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారం చదివే చిన్న పరికరం) ఒకటి కొనుక్కోండి. నాది ఈఎల్ఎం327 రకం బ్లూటూత్‌ది, 900 రూపాయలైంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోన్‌లో యాప్ తెరిస్తే, ఏ సెన్సర్ ఇంజిన్ కంప్యూటర్‌కి ఏం చెబుతోందో కళ్లెదుట కనిపిస్తుంది.

మాది హైదరాబాద్ నిజాంపేటలో టిఫిన్ సెంటర్. ఐదింటికల్లా పొయ్యి వెలగాలి కాబట్టి నాలుగున్నరకే సెల్లార్‌లోంచి కారు తీస్తాను. చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఇదే వరస. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుని, ఊగిపోయి ఆగిపోయేది. మళ్లీ తిప్పితే గజగజలాడుతూ నిలబడి, కాసేపటికి దానంతటదే సర్దుకునేది. పగలు ఎక్కడ ఆపి తీసినా ఏ ఇబ్బందీ లేదు. చెక్ ఇంజిన్ లైటు మాత్రం ఒక్కసారీ వెలగలేదు.

సర్వీస్ సెంటర్ వాళ్లు ఇగ్నిషన్ కాయిల్స్ మార్చాలి, ఇంజెక్టర్లు క్లీన్ చేయాలి అని 14,000 ఎస్టిమేట్ రాసిచ్చారు. బండి వాళ్ల దగ్గరికి వేడెక్కి వెళ్తుంది, వాళ్లకి ఆ వణుకు కనిపించనే కనిపించదు. రాత్రి ఉంచుకుని పొద్దున స్టార్ట్ చేసి చూడమంటే కుదరదన్నారు. చూడని జబ్బుకి మందు రాయడం నాకు నచ్చలేదు. మా షాపుకొచ్చే వాళ్లయితే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమన్నారు. ఇథనాల్ చలిలో త్వరగా ఆవిరి కాదన్నది నిజమే, అందుకే ఆ మాట తీసిపారేయలేదు. కానీ అదే బంకులో పోయించుకునే మా తమ్ముడి కారు ఠంచనుగా స్టార్ట్ అవుతోంది.

స్కానర్ గుచ్చి చూస్తే ఎర్రర్ కోడ్ ఒక్కటీ లేదు. చాలామంది ఇక్కడే ఆపేసి దాన్ని పక్కన పడేస్తారు. అసలు పనికొచ్చేది కోడ్లు కాదు, లైవ్ డేటా, అంటే సెన్సర్లు అప్పటికప్పుడు చూపించే అంకెలు. చేయాల్సింది చిన్న పనే. రాత్రంతా ఆగి ఉన్న బండిలో తాళం ఆన్ వరకే తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా రెండు అంకెలు చూడాలి. ఒకటి లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, రెండోది కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఉష్ణోగ్రత. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌లో రెండూ దాదాపు ఒకటే ఉండాలి. నా బండిలో గాలి 18 డిగ్రీలు చూపిస్తే, కూలెంట్ 52 చూపించింది.

ఇంజిన్ చల్లగా ఉంటే కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) కూడా పెంచుతుంది. వేడెక్కే కొద్దీ రెండూ తగ్గిస్తుంది. కూలెంట్ సెన్సర్ 52 అని చెబితే ‘ఓహో, ఇంజిన్ వెచ్చగానే ఉంది’ అనుకుని పెట్రోల్ తక్కువ ఇస్తుంది. చల్లటి సిలిండర్లకి అది చాలదు, అందుకే ఆ వణుకు. 52 అనేది ఇంజిన్ వేడెక్కేటప్పుడు మామూలుగా కనిపించే అంకే కాబట్టి కంప్యూటర్‌కి అనుమానం రాదు, లైటు వెలగదు. చల్లగా ఉన్నప్పుడు డాష్‌బోర్డు మీద రావాల్సిన నీలం లైటు పొద్దున్నే ఎందుకు రావట్లేదో కూడా అప్పుడే తెలిసింది.

ఫోన్‌లో ఆ అంకెలు ఫోటో తీసి, తీసుకెళ్లి మూసాపేటలో మాకు తెలిసిన మెకానిక్‌కి చూపించాను. "అక్కా, ఇది చాలు, ఇంకేం విప్పక్కర్లేదు" అన్నాడు. సెన్సర్ కనెక్టర్ ఊడదీస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. కనెక్టర్ తీసి ఉంచినప్పుడు ఫోన్‌లో మైనస్ 40 వచ్చింది, సెన్సర్ తగిలించి లేనప్పుడు రావాల్సింది అదే. అంటే అటువైపు వైరు బాగుంది, తేడా సెన్సర్‌లోనే అని తేల్చాడు. పిన్నులు గీకి మళ్లీ పెట్టినా చల్లటి ఇంజిన్‌లో రీడింగ్ ఎక్కువే. రాణిగంజ్‌లో కంపెనీ సెన్సర్ 750కి దొరికింది. డూప్లికేట్ 250కే ఇస్తామన్నారు, తీసుకోలేదు. ఇంత చిన్న ముక్క మాటే ఇంజిన్ మొత్తం నమ్ముతుంటే అక్కడ పొదుపు చేయబుద్ధి కాలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే సెన్సర్ విప్పించాలి. లేదంటే వేడి కూలెంట్ చిమ్మి చేతులు కాలతాయి. కారిన కూలెంట్ మళ్లీ పోసి, లోపల చేరిన గాలి కూడా తీశాడు. మజూరీ 300.

ఇప్పుడు పొద్దున గాలి, కూలెంట్ రెండూ ఒక్క డిగ్రీ తేడాతో చూపిస్తున్నాయి. తాళం తిప్పగానే ఇంజిన్ 1,300 ఆర్‌పీఎం దగ్గర నిలబడి, మెల్లగా 800కి దిగుతోంది. నీలం లైటు వస్తోంది, వేడెక్కాక పోతోంది.

స్కానర్‌లో లోపాలూ ఉన్నాయి. అంకెలు ఆలస్యంగా మారతాయి. స్టార్టర్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ ఎంతకి పడిపోయిందో ఇందులో సరిగ్గా దొరకదు, దానికి మల్టీమీటరే వాడాలి. నాది ఐఫోన్‌కి కలవదు. ఐఫోన్ వాళ్లు వైఫైదో, బ్లూటూత్ ఎల్ఈదో అడిగి కొనాలి. 200, 300కి వచ్చే నకిలీల జోలికి వెళ్లొద్దు, మా తమ్ముడు కొన్నది మాటిమాటికీ కనెక్షన్ తెంపేసేది. పని అయ్యాక స్కానర్‌ని తీసేయండి. ఆ సాకెట్‌లో బండి ఆపినా కరెంటు ఉంటుంది, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది. నేను డాష్‌బోర్డు అరలో పెట్టుకుంటున్నాను.