సిస్సు మంచుకు జేసీ రోడ్డు టైర్లు: జిమ్నీకి ఏం వేయించాను, ఏం వద్దన్నాను

జనవరిలో హిమాచల్‌లోని లాహౌల్ లోయలో ఉన్న సిస్సుకు పోవాలని మారుతి జిమ్నీకి టైర్లు మార్పించి, పోయి, తిరిగొచ్చాక రాస్తున్న రివ్యూ ఇది. టైరు యోకోహామా జియోలాండర్ ఏ/టీ జీ015, సైజు 215/75 ఆర్15 (వెడల్పు 215 మిల్లీమీటర్లు, అందులో 75 శాతం పక్కగోడ ఎత్తు, రిమ్ము 15 అంగుళాలు). ఏ/టీ అంటే ఆల్ టెరైన్, అన్ని రకాల దారులకూ చేసింది. బిగించింది బెంగళూరు జేసీ రోడ్డులో, మినర్వా సర్కిల్ వైపున్న ఓ పాత దుకాణం. మంచులో ఈ టైరుకు పదికి ఎనిమిది మార్కులు, ఊళ్లో తిరగడానికి ఏడు. దాంతోపాటు అంటగట్టాలని చూసిన సామాన్లలో సగానికి పైగా దండగ.

మంచు అనగానే మనవాళ్లకు పెద్ద పెద్ద దిమ్మెలున్న ఎమ్/టీ (మడ్ టెరైన్) టైర్లే గుర్తొస్తాయి. దుకాణం ఓనరూ అక్కడే మొదలుపెట్టాడు. "235 ఎమ్/టీ వేసుకోండి మేడమ్, మంచులో దున్నుకుంటూ పోతుంది." చూడ్డానికి దర్జాగా ఉంటుంది, కాదనను. కానీ ఎమ్/టీ బురద కోసం పుట్టిన టైరు. చక్రం తిరిగేటప్పుడు బురద విదిలించుకోవాలి కాబట్టి గాడులు అంత వెడల్పు. మంచులో లెక్క వేరు. గాడుల్లో ఇరుక్కున్న మంచు కింద ఉన్న మంచును పట్టుకుంటుంది, అదే సగం పట్టు. నలిగి గట్టిపడిన మంచు, ఐసు మీదికొస్తే దిమ్మెల మీద కోసిన సన్నటి గాట్లు కావాలి. సైప్‌లంటారు వాటిని. చాలా ఎమ్/టీ దిమ్మెల మీద అవి పెద్దగా కనిపించవు.

ఇది నాకు అర్థమయ్యేలా చూపించింది ఓనరు కాదు, లోపల రిమ్ములు విప్పుతున్న పెద్దాయన. మదనపల్లె దగ్గర పల్లె అట. నేను తెలుగులో మాట్లాడేసరికి చెయ్యి తుడుచుకుని వచ్చాడు. రెండు టైర్లూ పక్కపక్కన పెట్టి, ఏ/టీ దిమ్మెను బొటనవేలితో నొక్కితే గాటు నోరు తెరుచుకుంది. ఎమ్/టీ దిమ్మెను నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. "చూస్తివా అక్కా, ఇవి లేకపోతే ఐసు మీద టైరు చెక్క మాదిరే జారిపోతాది" అన్నాడు. ఓనరు మొహం మాడింది గానీ ఏమీ అనలేదు.

ఇక రబ్బరు. మామూలు టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి పోతే బిగుసుకుపోవడం మొదలవుతుంది. జిమ్నీతో వచ్చే హెచ్/టీ టైరు హైవేకు చేసింది. మన ఎండల్లో హాయిగా నడిచే ఆ రబ్బరును సున్నాకు దిగువన అదే పట్టు ఇమ్మంటే ఎక్కడి నుంచి ఇస్తుంది? యూరప్ వాళ్లలా అచ్చమైన వింటర్ టైర్లు వేసుకుందామంటే, నేను అడిగిన బెంగళూరు దుకాణాల్లో దొరకలేదు. దొరికినా ఇక్కడి నుంచి ఉత్తరాదికి 44వ నంబరు హైవే మీద పోయేసరికే అరిగి ఊరుకుంటాయి, అంత మెత్తటి రబ్బరు. మధ్యేమార్గం ఏమిటంటే పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు బొమ్మ ఉన్న ఏ/టీ టైరు. ఎమ్+ఎస్ (మడ్ అండ్ స్నో) అని అక్షరాలు మాత్రమే ఉంటే సరిపోదు. అది గాడుల తీరు చూసి కంపెనీ తనకు తానే వేసుకునే ముద్ర. కొండ బొమ్మ కావాలంటే మంచు మీద పరీక్ష నెగ్గాలి. జీ015కి చాలా సైజుల్లో ఆ బొమ్మ ఉంటుంది. డబ్బు కట్టే ముందు మీ సైజు మీద ఉందో లేదో కళ్లతో చూసుకోండి.

పనిలో పనిగా తయారీ తేదీ కూడా చూడండి. పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 1824 అని ఉంటే 2024లో 18వ వారం అని. నాకు తెచ్చిన ఐదింట్లో ఒకటి మిగతావాటికంటే బాగా పాతది. అడిగితే మారు మాట్లాడకుండా మార్చారు. ఆ ఒక్క పనికి ఈ దుకాణం మీద నాకు గౌరవం.

సైజు దగ్గర నా తమ్ముడితో పెద్ద వాదన. వాడిదీ 235 పాటే. నేను లెక్క గట్టి చూపించాను. కంపెనీ సైజు 195/80 ఆర్15 టైరు మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. 215/75 ఆర్15 వేస్తే 703 పైచిలుకు, అంటే ఒకటిన్నర శాతం తేడా. స్పీడోమీటరుకు అదో లెక్క కాదు. 235/75 వేస్తే తేడా దాదాపు 6 శాతం, పైగా జిమ్నీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలే, 235కి అది ఇరుకు. అసలు మంచులో వెడల్పు టైరు గొప్ప కాదు. సన్న టైరు పైపొరను కోసుకుని కిందికి దిగి గట్టి నేలను అందుకుంటుంది, వెడల్పుది పైనే తేలుతుంది. 215/75 ఆర్15 బొలెరో సైజు కూడా. దారిలో ఏ ఊళ్లో టైరు చిరిగినా ఆ సైజు అడిగితే దుకాణం వాడు నోరెళ్లబెట్టడు. ఒకటే జాగ్రత్త: కంపెనీ సైజు మారిస్తే వారంటీ, ఇన్సూరెన్స్ దగ్గర ప్రశ్నలు రావచ్చు, ముందే కనుక్కోండి. అలాంటి టెన్షన్ వద్దనుకుంటే 195లోనే ఏ/టీ వెతుక్కోండి, మంచుకు అది ఏమీ తక్కువ కాదు.

నైట్రోజన్ కొట్టించుకోమన్నారు. మామూలు గాల్లోనే 78 శాతం నైట్రోజన్ ఉంది కదన్నాను. ఓనరు నవ్వేసి వదిలేశాడు.

గాలి గురించి అసలు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. వేడి ఐదారు డిగ్రీలు తగ్గినప్పుడల్లా టైర్లో గాలి ఒత్తిడి సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది. బెంగళూరులో 27 డిగ్రీల దగ్గర నింపిన టైరు సిస్సులో మైనస్ 8కి చేరితే 6 పీఎస్ఐ పోయినట్టే. కానీ అక్కడ ఎత్తు మూడు వేల మీటర్ల పైమాటే. బయటి గాలి పలచబడటం వల్ల గేజ్ 3 పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తుంది. రెండూ కలిసి చివరికి గేజ్ మీద తగ్గేది 3 మాత్రమే. అందుకని ఇక్కడ బయల్దేరేటప్పుడే "అక్కడ తగ్గుతుందిలే" అని ఎక్కువ కొట్టించకండి. పొద్దున్నే, బండి కదలకముందు, అక్కడే చూసుకుని నింపుకోవాలి. దానికో చిన్న 12 వోల్టుల కంప్రెసర్ చాలు. నేను కొన్న అదనపు సామాన్లలో ఎక్కువ పనికొచ్చింది అదే.

రెండోది చెయిన్లు. ఇనుపవి, టైరు సైజు అడిగి కొనండి. ముందు ఆన్‌లైన్లో ఊరూపేరూ లేని ప్లాస్టిక్ పట్టీలు తెప్పించి, మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్లో బిగించి కాస్త కదిపితే ఒక లాకు అక్కడే విరిగింది. ఇనుప చెయిన్లు కూడా బేస్‌మెంట్లోనే వేసి తీసి అలవాటు చేసుకోండి. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే యూట్యూబ్ చూసి నేర్చుకునే పని కాదది. ఒక్క జతే ఉంటే ఏ చక్రాలకో మాన్యువల్ చూడండి. మంచు పడితే మనాలీ దాటాక సోలాంగ్ దగ్గర పోలీసులు 4x4 బండ్లనో, చెయిన్లున్నవాటినో తప్ప వదలరు.

రూఫ్ మీద లైట్ బార్ వద్దన్నాను. మంచు కురిసేటప్పుడు ఆ వెలుగంతా తిరిగి మన కళ్లలోనే పడుతుంది. స్నార్కెల్, అంటే ఇంజిన్‌కు పైనుంచి గాలి అందించే గొట్టం, వాగులు దాటేవాళ్లకు. ఒక ఇరుసు మీది రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే డిఫరెన్షియల్ లాక్ విడిగా వేయిస్తామన్నారు. జిమ్నీలో ఖాళీగా తిరిగే చక్రాన్ని బ్రేకు పట్టి రెండోదానికి బలం పంపే ఏర్పాటు ఉండనే ఉంది, సిస్సు రోడ్డుకు అది ఎక్కువే.

ఇక రోడ్డు మీద. మనాలీ వైపు నుంచి లాహౌల్‌కు పోయే అటల్ టన్నెల్ 9.02 కిలోమీటర్లు, 2020 అక్టోబరులో తెరిచారు. సోలాంగ్ నుంచి మంచులో నాలుగు చక్రాలకూ బలం పంపే 4హెచ్‌లో ఎక్కుతాం, టన్నెల్లోకి దూరగానే పొడి రోడ్డు. జిమ్నీ 4హెచ్‌లో ముందు వెనక ఇరుసులు బిగిసి కలిసే తిరుగుతాయి, పొడి రోడ్డు మీద అలా నడిపితే గేర్లకు చేటు. లోపల వెనక చక్రాలకే బలం పంపే 2హెచ్‌కు మార్చి, అవతలి మూతి కనిపించకముందే మళ్లీ 4హెచ్ వేశాను. గంటకు 100 లోపు ఉంటే ఆపకుండానే మార్చొచ్చు. ఉత్తరపు మూతి దగ్గర రోడ్డు నల్లగా తడిసినట్టు కనిపిస్తుంది. తడి కాదు, ఐసు. ముందున్న కారు నెమ్మదిగా అడ్డం తిరిగి గోడ పక్కన ఆగింది. మా టైర్లు పట్టుకున్నాయి, అదీ నడక వేగంలో ఉన్నాం కాబట్టి. 4x4 బండిని కదిలిస్తుందే గానీ ఆపదు. ఆపేది టైరూ, మన పాదమూ. అచ్చమైన ఐసు మీద ఈ టైరు కూడా చేతులెత్తేస్తుంది, అక్కడ చెయిన్లే గతి. తాజా మంచులో మాత్రం సిస్సు దాకా మా తమ్ముడు నోరు మెదపలేదు.

రాత్రి హ్యాండ్‌బ్రేకు వేయకుండా గేర్లో వదిలి చక్రాలకు రాళ్లు పెట్టాం, లేకపోతే బ్రేకు గడ్డకట్టి పట్టేస్తుంది. నాది పెట్రోలు. డీజిల్ థార్ వాళ్లు అక్కడి బంకుల్లో వింటర్ డీజిల్ ఉందేమో అడగండి. లదాఖ్ కోసమని ఇండియన్ ఆయిల్ 2019లో తెచ్చినది మైనస్ 33 దాకా గడ్డకట్టదు.

బెంగళూరులో ఏడే ఎందుకంటే, ఏ ఏ/టీ అయినా మోత ఉంటుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది. నైస్ రోడ్డు మీద 80 దాటితే పాట వాల్యూం పెంచాల్సి వస్తుంది. వానలో అవుటర్ రింగ్ రోడ్డు మీద నాకు తేడా కనిపించలేదు. ఎండాకాలం లదాఖ్ మాత్రమే పోయేవాళ్లు పాత హెచ్/టీ అరిగేదాకా ఉంచుకోండి.

అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ కలిపి ఐదు టైర్లకు 50 వేల దగ్గరకొచ్చింది. పాత టైర్లు వాళ్లే తీసుకుని కొంత తగ్గించారు. పోతే పొద్దున్నే పోండి. పదకొండు దాటాక జేసీ రోడ్డులో బండి నిలపడానికి చోటు దొరకదు, మధ్యాహ్నం ఆ పెద్దాయన ఉండడు.