మిస్ ప్యాక్‌మ్యాన్ పెట్టెలో 60 ఆటల బోర్డు: రెండు నెలలు వాడాక

ముందే చెప్పేస్తాను. 60-ఇన్-1 పేరుతో దొరికే, 60 పాత ఆటలున్న మల్టీగేమ్ సర్క్యూట్ బోర్డు మంచి బోర్డే. కానీ పాత ఆర్కేడ్ మెషీన్‌లో, అంటే నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టెలో, ఒక్క వైరు కూడా కోయకుండా పెట్టగలిగితేనే కొనండి. వైర్లు కత్తిరించి, జాయ్‌స్టిక్ ఉండే ప్యానెల్‌కి కన్నాలు వేస్తే తప్ప పట్టదంటే మాత్రం వద్దు. ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే మా గరాజ్‌లో జరిగిందంతా చెప్పాలి.

మేముండేది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. ఇక్కడి నేషనల్ వీడియోగేమ్ మ్యూజియాన్ని 2016లో తెరిచారు. లోపల 1980ల నాటి ఆర్కేడ్‌లా ఒక గది కట్టి, పాత మెషీన్లను ఆడుకోవడానికే పెట్టారు. మా అబ్బాయికి పదేళ్లు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గదిలోంచి బయటికి రానని మొండికేశాడు. నాకూ రావాలనిపించలేదు. ఆ తర్వాత ఆరు నెలలకి, పక్క ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక పెద్దాయన దగ్గర మిడ్‌వే కంపెనీ చేసిన 1982 నాటి మిస్ ప్యాక్‌మ్యాన్ మెషీన్ ఉందని తెలిసి, 900 డాలర్లకి కొని తెచ్చుకున్నాం. నీలం పెట్టె, పక్కల గులాబీ రంగు బొమ్మలు, నాణెం వేసే తలుపు అన్నీ అసలువే. స్విచ్చి వేస్తే మూడు సెకన్లలో బొమ్మ వచ్చేది.

నెల తిరిగేసరికి పిల్లలకి ఒకటే ఆట విసుగొచ్చింది. మా అబ్బాయి స్నేహితులు వచ్చి "గాలగా లేదా ఆంటీ?" అని ఇంకో ఆట కోసం అడగడం మొదలుపెట్టారు. అప్పుడే ఈ కిట్ గురించి చూశాను. బోర్డు 78 డాలర్లు, ప్యాక్‌మ్యాన్ కనెక్టర్ నుంచి ఆ బోర్డుకుండే జామా కనెక్టర్‌కి మార్చే అడాప్టర్ 35, స్విచింగ్ పవర్ సప్లై 28.

ఆ వేసవిలో నాన్న మా దగ్గరికి వచ్చారు. తెనాలిలో ముప్పై ఏళ్లు టీవీలు రిపేరు చేసిన మనిషి. పెట్టె వెనక తలుపు తీసి లోపలికి చూసిన ఆయన మొహం నేను మర్చిపోలేను. "అమ్మా, పందొమ్మిది అంగుళాల పిక్చర్ ట్యూబు! ఎన్నాళ్లయింది దీన్ని చూసి!" అన్నారు. దాని మీద ఎలక్ట్రోహోమ్ జీ07 అని రాసి ఉంది. ఆ రోజుల్లో మిడ్‌వే మెషీన్లలో ఎక్కువగా కనిపించే మానిటర్లలో అదొకటి.

ఈ పని చేసేవాళ్లు దయచేసి ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. ప్లగ్గు పీకేసినా పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు. బోర్డు మార్చడానికి ట్యూబుని ముట్టుకోవాల్సిన అవసరం లేదు గానీ, చెయ్యి పెట్టేది దాని పక్కనే. ట్యూబుని డిశ్చార్జ్ చేసేదాకా, అంటే అందులో నిలిచిన కరెంటు తీసేసేదాకా, నాన్న నన్ను దగ్గరికి రానివ్వలేదు. పొడుగు స్క్రూడ్రైవర్‌కి ఒక వైరు చుట్టి, దాని రెండో కొసని మానిటర్ ఇనప ఫ్రేమ్‌కి క్లిప్పు పెట్టారు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకున్నారు. కుడి చేత్తో స్క్రూడ్రైవర్ మొనని ట్యూబు మీదున్న రబ్బరు టోపీ కిందికి నెమ్మదిగా తోశారు. 'టప్' అని ఒక్క చిన్న చప్పుడు. ఒక్క నిమిషం ఆగి మళ్లీ అదే పని చేశారు. రెండోసారి చప్పుడు రాలేదు. "ఇప్పుడు రా" అన్నారు. ఎడమ చెయ్యి జేబులోనే ఎందుకుంచారో మా అబ్బాయి అడిగితే, రెండు చేతులూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని చెప్పారు. ఇలాంటి పని తెలిసిన మనిషి పక్కన లేకపోతే ట్యూబు వైపు చెయ్యి పోనివ్వకండి.

ఇక బోర్డు సంగతి. జామా అంటే 1985లో జపాన్ ఆర్కేడ్ తయారీదారుల సంఘం పెట్టిన కనెక్టర్ పద్ధతి. ఒక్కో వైపు 28 చొప్పున మొత్తం 56 పిన్నులు. కరెంటు, బొమ్మ, శబ్దం, జాయ్‌స్టిక్, నాణెం స్విచ్చి అన్నీ ఆ ఒక్క కనెక్టర్‌లోంచే పోతాయి. అందుకే మన ఊళ్లలో వీడియో గేమ్ పార్లర్ల వాళ్లు పది నిమిషాల్లో ఆట మార్చేసేవాళ్లు. తెనాలిలో నాన్న షాపుకి ఒక పార్లర్ ఆయన మానిటర్లు రిపేరుకి తెచ్చేవాడు. అప్పట్లో ఆడపిల్లలు పార్లర్‌కి వెళ్లేవాళ్లు కాదు. నేను మాత్రం నాన్న వెంట టూల్ బ్యాగు పట్టుకుని వెళ్లి, ఒక బోర్డు పీకి అదే కనెక్టర్‌కి 'ముస్తఫా' బోర్డు తగిలించడం దగ్గరుండి చూశాను. ముస్తఫా అంటే క్యాప్‌కామ్ వాళ్ల 1993 నాటి క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్. అసలు పేరు మా ఊళ్లో ఎవరికీ తెలియదు. కొత్త బోర్డు పార్సిల్ విప్పగానే నాన్న ఆ కనెక్టర్‌ని వేలితో తడిమి, "ఇది ఆ పార్లర్ బాక్సుల్లో ఉండేదే కదమ్మా" అన్నారు.

మిస్ ప్యాక్‌మ్యాన్ మాత్రం జామా కంటే ముందుది. దానికి సొంత 44 పిన్నుల కనెక్టర్. పైగా దాని కరెంటు ఏర్పాటు కూడా వేరు. పెట్టె అడుగునున్న పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ 7 వోల్టుల ఏసీని నేరుగా బోర్డుకి పంపిస్తుంది, దాన్ని 5 వోల్టుల డీసీగా మార్చుకునే పని బోర్డుదే. ఈ పాత బోర్డుల్లో కనెక్టర్ మాడిపోవడం మామూలే. మాదాంట్లోనూ కరెంటు వచ్చే పిన్నులు రెండు కాఫీ గింజల రంగుకి వచ్చాయి. కొత్త బోర్డుకేమో సిద్ధంగా 5 వోల్టులు, 12 వోల్టులు డీసీ అందాలి. పాత ఏసీ పొరపాటున దాని మీదికి వెళ్తే బోర్డు పోయినట్టే. స్విచింగ్ సప్లై విడిగా కొన్నది అందుకే.

మొదటి రోజు మూడు గంటలు పట్టింది. అడాప్టర్ తగిలించాం, సప్లై బిగించాం, జామా కనెక్టర్‌లో ఏడో పిన్ను దగ్గరున్న అడ్డుచీలికని బోర్డు మీది గాడితో సరిచూసుకుని తోశాం. తిరగేసి పెడితే బోర్డు కాలుతుంది కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు. స్విచ్చి వేస్తే తెర మీద ఏటవాలు గీతలు, సన్నగా ఒక కూత. నాన్న వెంటనే ఆపేశారు. బోర్డు మీది చిన్న స్విచ్చి వీజీఏ వైపు, అంటే కంప్యూటర్ మానిటర్‌కి పనికొచ్చే వైపు ఉంది. పాత ట్యూబుకి సీజీఏ వైపు, అంటే 15 కిలోహెర్ట్జ్‌కి పెట్టాలి. బోర్డుతో ఒక్క కాగితం ముక్క వచ్చినా ఆ సంగతి ముందే తెలిసేది. అమ్మినవాళ్లు ఏమీ పంపలేదు. మెయిల్ పెడితే తొమ్మిది రోజులకి జవాబు వచ్చింది, అందులోనూ స్విచ్చి గురించి ఒక్క మాట లేదు. ఇంకోటి, వాళ్ల అడాప్టర్‌లో జాయ్‌స్టిక్ ఎడమ, కుడి వైర్లు తారుమారయ్యాయి. ఎడమకి తిప్పితే కుడికి పోతోంది. పిన్నులు పీకి మార్చుకున్నాం. 35 డాలర్లు తీసుకుని ఇలా పంపడం నాకు నచ్చలేదు.

అసలు కష్టం రెండో రోజు వచ్చింది. జాబితా బాగానే కనపడుతోంది, గాలగా ఎంచుకోగానే బోర్డు మళ్లీ మొదటినుంచి మొదలవుతోంది. బోర్డే చెడిందనుకున్నాను, తిరిగి పంపడానికి అట్టపెట్టె కూడా వెతికాను. నాన్న మల్టీమీటర్ తీసుకుని సప్లై స్క్రూల దగ్గర చూశారు. 5.02 వోల్టులు. సరిగ్గానే ఉంది. తర్వాత అదే ప్రోబులని బోర్డు కనెక్టర్ దగ్గర పెట్టారు. 4.76. దారిలో పావు వోల్టు పోతోంది. అడాప్టర్‌తో వచ్చిన ఎర్ర వైరు, నల్ల వైరు దారప్పోగుల్లా ఉన్నాయి. అవి తీసేసి 18 గేజ్ వైర్లు వేశాం. సప్లై మీది చిన్న స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ నాన్న మీటర్ వైపే చూస్తున్నారు: 4.91, 4.97, 5.03. "చాలు" అన్నారు. ఆ తర్వాత ఈ రెండు నెలల్లో ఒక్కసారి కూడా అది ఆగలేదు. బోర్డు రీసెట్ అవుతోందని తిరిగి పంపేవాళ్లు ముందు బోర్డు దగ్గర వోల్టేజీ కొలవండి. సప్లై దగ్గర కొలిస్తే ఏమీ తెలియదు.

ఆటల విషయానికొస్తే, 60 ఉన్నా మా పెట్టెకి నిజంగా కుదిరేవి ఇరవై, పాతిక. ఫ్రాగర్, డిగ్‌డగ్, డాంకీకాంగ్, లేడీబగ్, మిస్టర్ డూ అద్భుతంగా ఉన్నాయి. మిస్ ప్యాక్‌మ్యాన్ జాయ్‌స్టిక్ నాలుగు వైపులకే కదులుతుంది, ఆ ఆటలకి కావాల్సింది కూడా అదే. 1942 లాంటి విమానాల ఆటలకి మూలలకి కదిలే ఎనిమిది దిక్కుల స్టిక్ ఉండాలి, లేకపోతే చెయ్యి కట్టేసినట్టుంటుంది. సెంటిపీడ్ అయితే ట్రాక్‌బాల్ మీద, అంటే అరచేత్తో దొర్లించే బంతి మీద ఆడాల్సిన ఆట, జాయ్‌స్టిక్ మీద రెండు నిమిషాలకి మించి ఆడబుద్ధి కాలేదు. అక్కర్లేని ఆటలని జాబితాలో కనపడకుండా చేసుకోవచ్చు. నేను 31 తీసేశాను.

అసలు ప్యానెల్ మీద కాల్చే బటన్ లేదు. చాలామంది ఆ ప్యానెల్‌కే కన్నం వేసేస్తారు. నలభై ఏళ్లకు పైగా నిలిచిన ప్యానెల్‌కి డ్రిల్లు పెట్టడానికి నాకు మనసొప్పలేదు. బటన్ల కన్నాలున్న కొత్త ఇనప ప్యానెల్ ఒకటి కొని దాన్ని బిగించి, పాతదాన్ని దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టాను.

ఒక చిత్రం చెప్పాలి. గాలగా మొదలవగానే తెరంతా నల్లటి ఆకాశం కదా. గరాజ్ లైటు ఆర్పి చూస్తే ఆ నక్షత్రాల వెనక మిస్ ప్యాక్‌మ్యాన్ గోడలు సన్నటి బూడిద గీతల్లా కనిపిస్తాయి. ఏళ్ల తరబడి అదే బొమ్మ వెలిగి వెలిగి ట్యూబు లోపలి పూత మీద ముద్ర పడిపోయింది. అదేమైనా లోపమేమోనని మా అబ్బాయి భయపడ్డాడు. నాకు మాత్రం ఈ పెట్టెని ఎంతమంది ఆడి ఉంటారో అదే చెబుతున్నట్టు ఉంటుంది.

ఇక మిస్ ప్యాక్‌మ్యాన్ ఆట కూడా ఈ కొత్త బోర్డులో ఉంది. అక్కడే తేడా తెలుస్తుంది. పాత బోర్డులో జడ్80 అనే ప్రాసెసర్ చిప్పు 3 మెగాహెర్ట్జ్ చిల్లరతో నిజంగా ఆ పని చేస్తుంది. ఇందులో వేరే ప్రాసెసర్ దాన్ని అనుకరిస్తుంది. రెండింటినీ ఫోన్లో రికార్డు చేసి పక్కపక్కన విన్నాను. చుక్కలు తినే శబ్దం పాతదాంట్లో నిండుగా, గొంతులోంచి వచ్చినట్టు ఉంటుంది. కొత్తదాంట్లో డొల్లగా ఉంది. మలుపుల్లో కూడా వెంట్రుకవాసి ఆలస్యం. పిల్లలకి పట్టింపు లేదు, నాకు ఉంది. కొత్తదానికి అనుకూలంగా ఒక మాట చెప్పాలంటే, చాలా ఆటల హైస్కోరు కరెంటు తీసేసినా గుర్తుంటుంది. పాత బోర్డు స్విచ్చి ఆపగానే మర్చిపోతుంది.

ఇంకో సంగతి కూడా కొనేముందు తెలిసి ఉండాలి. ఇవి నింటెండో, క్యాప్‌కామ్ లాంటి కంపెనీలు అనుమతి ఇచ్చి చేయించిన బోర్డులు కావు. నేను ఇంట్లో ఆడుకోవడానికి పెట్టుకున్నాను. షాపులో పెట్టి డబ్బు తీసుకోవాలనుకునేవాళ్లకి నేనైతే వద్దనే చెబుతాను.

పాత బోర్డు మీద నాకింత ప్రేమ ఎందుకో నాన్నకి చూపించాను. దాని మీద జడ్80 ఉండాల్సిన చోట ఒక పట్టీ కేబుల్ దిగుతుంది. అది పక్కన ఇంకో చిన్న బోర్డుకి వెళ్తుంది. మసాచుసెట్స్‌లో ఎంఐటీ కుర్రాళ్లు మొదలుపెట్టిన జనరల్ కంప్యూటర్ కార్పొరేషన్ అనే చిన్న కంపెనీ, మామూలు ప్యాక్‌మ్యాన్ మెషీన్లకి తగిలించే మెరుగుదల కిట్‌గా దీన్ని తయారుచేసింది. దానికి క్రేజీ ఒట్టో అని పేరు పెట్టుకున్నారు. అంతకుముందు మిసైల్ కమాండ్ అనే ఆటకి అలాంటి కిట్ చేసినందుకు, ఆ ఆట తయారుచేసిన అటారీ కంపెనీ ఈ కుర్రాళ్ల మీద కేసు వేసింది. అందుకే ఈసారి 1981లో నేరుగా మిడ్‌వే దగ్గరికే వెళ్లి చూపించారు. మిడ్‌వే దాన్నే మిస్ ప్యాక్‌మ్యాన్‌గా మార్చి విడుదల చేసింది. అంటే మా పెట్టెలోని ఆట పుట్టుకే ఒక కిట్. నాన్న ఆ కేబుల్‌ని చాలాసేపు చూసి, "ఎవరో కుర్రాడు ఇలాగే కూర్చుని చేసి ఉంటాడు" అన్నారు.

ఇప్పుడు పాత బోర్డు పెట్టెలోనే పక్క చెక్కకి ఆనుకుని, స్టాటిక్ పట్టని కవరులో ఉంది. దాని కనెక్టర్ పిన్నులని ఎరేజర్‌తో రుద్ది శుభ్రం చేశాం. వారంలో ఆరు రోజులు 60 ఆటలది, ఆదివారం పాతది. మార్చడానికి స్విచ్చి ఆపి అడాప్టర్ పీకి, పాత 44 పిన్నుల కనెక్టర్‌ని అసలు బోర్డుకి తగిలిస్తే చాలు. నాకు ఏడు నిమిషాలు పడుతోంది.

తెర అంచులు ఈమధ్య కొంచెం లోపలికి వంగుతున్నాయి. అది రెండు బోర్డుల్లోనూ కనపడుతోంది కాబట్టి తప్పు కిట్‌ది కాదు, మానిటర్‌లో పాతబడిన కెపాసిటర్లది. జీ07కి కెపాసిటర్ల సెట్టు తెప్పించి ఉంచాను. దసరా వెళ్లాక మళ్లీ వస్తానన్నారు నాన్న. తన సోల్డరింగ్ ఐరన్ తనే తెచ్చుకుంటారట, ఇక్కడివి చేతికి కుదరవని.