మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇమ్‌షో: మూడేళ్లు వాడాక నా మాట

పైథాన్‌లో ఫోటో చూడాలంటే నా చెయ్యి ముందు ఇమ్‌షో మీదికే పోతుంది. గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ లైబ్రరీలో బొమ్మలు చూపించే ఆదేశం అది. ఉచితం, కోడ్ రాసే నోట్‌బుక్ పేజీలో ఆ గడి (సెల్) కిందే బొమ్మ వచ్చేస్తుంది, పాత కంప్యూటర్లలోనూ ఇబ్బంది పెట్టదు. కానీ ఇది గ్యాలరీ యాప్ లాంటిది కాదు, అంకెల పట్టికకు రంగులు వేసి చూపించే పనిముట్టు. ఈ ముక్క నాకు బుర్రకెక్కడానికి రెండు సాయంత్రాలు పోయాయి, కొత్తగా నేర్చుకునే పిల్లలూ అక్కడే ఇరుక్కుంటున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా.

మిరప ఆకుల్లో ముడతను గుర్తించే ప్రాజెక్టు అది. మా ఫోటోలన్నీ మిట్టమధ్యాహ్నం తీసినవి, ఫోటోలు చూసి నేర్చుకునే మోడల్‌కు సాయంత్రపు మసక వెలుతురు కూడా అలవాటు చేద్దామని నలుపు తెలుపు ఫోటోలో ప్రతి పిక్సెల్‌నీ 0.5తో గుణించి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూశాను. రెండూ ఒకేలా ఉన్నాయి! 0.3 పెట్టినా అంతే. కోడ్‌లోనే తప్పుందనుకుని ఫైలంతా తిరగేశాను, మర్నాడు డెమో కావడంతో ఒకటే టెన్షన్. చివరికి అతి పెద్ద విలువ ప్రింట్ చేస్తే పాతదాంట్లో 240, 0.5తో గుణించినదాంట్లో 120 వచ్చింది. లెక్క సరిగ్గానే జరిగింది, నేను చూసే పద్ధతే తప్పు.

ఒకే ఛానల్ ఉన్న, అంటే పిక్సెల్‌కు ఒక్క అంకే ఉన్న నలుపు తెలుపు బొమ్మ ఇస్తే ఇమ్‌షో అందులోని అతి చిన్న విలువను రంగుల వరసలో ఒక కొసకు, అతి పెద్దదాన్ని రెండో కొసకు పెట్టి, మిగతావి మధ్యలో సర్దేస్తుంది. అన్నిటినీ సగం చేస్తే సర్దిన తర్వాత మళ్లీ అదే బొమ్మ రాక ఏం చేస్తుంది? ఆ రెండు కొసలనూ మనమే చెప్పే వీలుంది, వీమిన్ 0, వీమ్యాక్స్ 255 అని రాయగానే రెండో ఆకు మసకబారింది. రంగుల ఫోటోలకు మాత్రం ఈ సర్దుబాటు ఉండదు. వాటిలో పూర్ణాంకాలైతే 0 నుంచి 255, దశాంశాలైతే 0 నుంచి 1 మధ్య ఉండాలి, దాటితే కత్తిరించేస్తుంది. అందుకే 255 దాకా ఉన్న దశాంశాలు ఇస్తే ఫోటో దాదాపు తెల్లగా పాలిపోతుంది.

అయినా దీన్ని తప్పుపట్టలేను. 2003లో ఈ లైబ్రరీని బయటికి తెచ్చిన జాన్ హంటర్ మూర్ఛ రోగుల మెదడు సంకేతాల మీద పనిచేసిన మనిషి. అలాంటి డేటాలో 255కు అర్థమేముంది, ఉన్న విలువల మధ్య తేడా కనబడటమే ముఖ్యం. 2017లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి ఊదా, ఆకుపచ్చ, పసుపుల విరిడిస్ రంగులు డిఫాల్ట్ అయ్యాయి, అంతకు ముందు ఇంద్రధనస్సులాంటి జెట్ ఉండేది. రంగుల వరసను ఎంచే సీమ్యాప్ దగ్గర గ్రే అని చెప్పకపోతే నలుపు తెలుపు ఆకు ఊదాగా కనబడేది అందుకే. విలువలను రంగుల్లో చూపే హీట్‌మ్యాప్‌లకు మాత్రం నాకు విరిడిస్ ప్రాణం, వెలుగు ఒక క్రమంలో పెరుగుతుంది కాబట్టి రికార్డును జిరాక్స్ తీసినా ఎక్కువ తక్కువలు తెలుస్తాయి.

ఫోటోల మీద పనిచేసే ఇంకో లైబ్రరీ ఓపెన్‌సీవీతో చదివిన ఫోటోను నేరుగా ఇందులో పెట్టకండి. ఓపెన్‌సీవీ నీలం ముందు, ఎరుపు చివర పెడుతుంది, ఇమ్‌షో ఎరుపు ముందుందనుకుంటుంది. ఆకులు పచ్చగానే ఉంటాయి కాబట్టి మొదట్లో పట్టుకోలేం, పండు మిరపకాయలు నీలంగా కనిపించినప్పుడు గానీ తెలియదు. ఓపెన్‌సీవీకి సొంత ఇమ్‌షో ఉంది, అందులో ఈ గొడవ లేదు, పిక్సెల్‌కు పిక్సెల్ చూపిస్తుంది. కాకపోతే తర్వాత కీ నొక్కేదాకా ఆగమని చెప్పే వెయిట్‌కీ రాయకపోతే బొమ్మే రాదు, గూగుల్ వాళ్ల ఆన్‌లైన్ నోట్‌బుక్ కొలాబ్‌లో అసలు పనిచేయదు, దానికి వేరే ప్యాచ్ వాడాలి.

ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తాను. ఒకటి తగ్గించింది సైజు విషయంలో. మామూలు సెట్టింగ్‌లో బొమ్మ గీసే ఫిగర్ మొత్తం 640 బై 480 పిక్సెళ్లే, అందులో 4000 బై 3000 ఫోటోను ఇరికిస్తే అడ్డంగా ఆరేడుకు పైగా, నిలువుగా ఆరేడుకు పైగా పిక్సెళ్లు ఒక్కటిగా కలిసిపోతాయి. ఆకు మీద తామర పురుగులు చూద్దామంటే ఆ నలుసులు మాయమవుతాయి. ఇప్పుడు నేను ఫోటోలోంచి 400 బై 400 ముక్క కోసి, ఫిగర్ కొలత చెప్పే ఫిగ్‌సైజ్ 8 బై 8 అంగుళాలు పెట్టి, పక్క పిక్సెళ్లను కలిపి నునుపు చేయకుండా ఇంటర్‌పొలేషన్‌ను నియరెస్ట్‌గా మార్చి చూస్తున్నా, పురుగు కాళ్లతో సహా దొరుకుతోంది.